తప్పుల్లేని జవాబు

అనంతపద్మనాభం గారిని ఏదైనా అడిగితే శాస్త్రం చెప్పరు. పూర్వాశ్రమంలో టెలిగ్రాఫు ఆఫీసులో మెకానిక్కుగా చేసిన మనిషి కావడంతో, ఆయన వేదాంతమంతా తీగలూ స్తంభాలే. మోక్షం కోసం ఆయన ఆశ్రమానికి వచ్చినవాళ్ళలో సగంమంది రెండో రోజుకే మూటాముల్లె సర్దుకునేవారు. భద్రయ్య మాత్రం ఏడాదైనా కదల్లేదు. తిరిగి వెళ్ళడానికి అతనికి ఇల్లంటూ ఉంటే కదా.

భార్య మాణిక్యం ఆస్పత్రినుంచి రమ్మని కబురు పంపితే, ముందురోజు గొడవ మనసులో పెట్టుకుని అతను ఒకపూట ఆలస్యంగా వెళ్ళాడు. అప్పటికే ఆమె ముఖంమీద గుడ్డ కప్పేశారు. ఆ ఒక్క పూటే అతన్ని తినేస్తూ వచ్చింది. ఈమధ్య మాత్రం పొద్దున్నే ధ్యానంలో కూర్చుని "నన్ను క్షమించావా" అని అడిగితే, "క్షమించాను" అని ఆమె గొంతు స్పష్టంగా వినిపిస్తోంది. ఆ మాటమీదే బతుకుతున్నాడు. అయినా అనుమానం పీకుతూనే ఉంది. ఒకరోజు ఉండబట్టలేక గురువుగారిని అడిగేశాడు.

"అయ్యా, ఆ పలికేది మాణిక్యమేనా?"

ఔనంటారని అతని ఆశ. ఆయన తన ఉద్యోగం నాటి సంగతి ఎత్తుకున్నారు.

సముద్రపు పాయకు అవతల మొగలితిప్ప అనే రేవు. అక్కడ ఒక చిన్న టెలిగ్రాఫు గది, అందులో లాజరు అనే మనిషి. ఇక్కడి ఆఫీసునుంచి అక్కడికి వార్త వెళ్ళే తీగ ఒకటి, వచ్చే తీగ ఒకటి. తుఫాను కబురు పంపితే, అటువాడు దాన్ని ఉన్నదున్నట్టు తిరిగి కొట్టి పంపాలి. అదే అందినట్టు గుర్తు. లాజరు వేళ్ళు మొద్దు. నాలుగు మాటల వార్తకు కూడా రెండు తప్పులు కొట్టి, తీరిగ్గా పంపేవాడు. ఇటువాళ్ళకు అదో నవ్వులాట.

ఒక ఉదయం లైను చెడితే, ఈయన సైకిలెక్కి సగం దారిలో ఉన్న పెట్టె దగ్గరికి వెళ్ళి బాగుచేశారు. ఆఫీసునుంచి ఆ పెట్టెదాకా తీగ సరిగ్గా ఉందో లేదో చూడడానికి, వెళ్ళే తీగనూ వచ్చే తీగనూ అక్కడ ఒక క్లిప్పుతో కలపడం పద్ధతి. ఆఫీసులో కొట్టింది అక్కడిదాకా పోయి ఆఫీసుకే తిరిగొస్తుంది. పరీక్ష కాగానే క్లిప్పు తీసేయాలి. వాన అందుకోవడంతో ఈయన హడావుడిగా పెట్టె మూసి వచ్చేశారు. క్లిప్పు అలాగే ఉండిపోయింది.

మధ్యాహ్నం తుఫాను హెచ్చరిక వచ్చింది. పడవలు ఆపమని గుమాస్తా మొగలితిప్పకు కొట్టాడు. వార్త ఆ క్షణమే తిరిగొచ్చింది, ఒక్క తప్పు లేకుండా. "మన లాజరుకు చెయ్యి తిరిగిందయ్యా" అని మెచ్చుకున్నది ఈయనే. గుమాస్తా 'అందింది' అని రాసుకున్నాడు. అవతల లాజరు ఉలుకూ పలుకూ లేని యంత్రం ముందు కూర్చుని ఉన్నాడు. సాయంత్రం పడవ మామూలుగానే బయల్దేరింది. అందులో పదకొండుమంది ఉన్నారు. తెల్లారేసరికి ఉప్పెన ఆ పడవనూ, రేవునూ, టెలిగ్రాఫు గదినీ, లాజరునూ కూడా తీసుకుపోయింది.

కథ ఆపి గురువుగారు అడిగారు. "బతికున్నప్పుడు మాణిక్యం ఎప్పుడైనా నీకంత త్వరగా, అంత సూటిగా జవాబు చెప్పిందా?"

భద్రయ్యకు గుర్తుకొచ్చింది. మంచినీళ్ళడిగినా ముందు అతని వంశాన్నంతా దులిపిగానీ చెంబు అందించేది కాదు. ధ్యానంలో ఇన్నాళ్ళూ ఒక్క తిట్టు లేదు, ఒక్క ఎత్తిపొడుపు లేదు. అతను అడిగిన మాటే, అతను కోరుకున్నట్టే, మెత్తగా తిరిగొచ్చింది. ఆ సంగతి తెలిశాక అతను కండువా నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. ఆమెను రెండోసారి పోగొట్టుకున్నట్టయింది.

చాలాసేపటికి తేరుకుని, "అయితే రేపటినుంచి నన్ను కూర్చోవద్దంటారా?" అన్నాడు.

"కూర్చో. ఉప్పెన తగ్గాక వెళ్ళి ఆ క్లిప్పు నా చేత్తోనే తీశాను, భద్రయ్యా" అన్నారు గురువుగారు. "ఆపైన ఎంత కొట్టినా అటునుంచి ఏమీ రాలేదు. లైను నిజంగా బాగైంది అప్పుడే."