చింతపండుతో తోమిన నాణేలు

అనగనగా, ఓడలు గాలిని నమ్ముకుని తిరిగే రోజుల్లో, ఒక రేవుపట్నం. అక్కడ పేరిశెట్టి అనే మిరియాల వర్తకుడు. అమెరికా ఓడలవాళ్ల దగ్గర ముచ్చటపడి తీసుకున్న పాత వెండి నాణేలు మూడు ఆయన దగ్గర ఉండేవి. ఒకదాని మీద జుట్టు విరబోసుకున్న స్త్రీ. రెండోదాని మీద డాలు పట్టుకుని కూర్చున్న స్త్రీ. మూడోదాని మీద రెక్కలు విప్పిన గద్ద.

ముసలితనంలో, పాపం, ఆయన చూపు పోయింది. అయినా రోజూ సాయంత్రం ఆ నాణేలు ఒళ్లో పెట్టుకుని, బొటనవేలితో బొమ్మలు తడుముకుంటూ తనలో తానే నవ్వుకునేవాడు. ఆయనకు మిగిలిన చూపంతా ఆ వేలి కొసనే ఉంది.

ఆ ఇంటికి అచ్చమ్మ కొత్తకోడలై వచ్చింది. బంగారంలాంటి పిల్లే, కానీ నల్లబడ్డ గిన్నె కనిపిస్తే చేతులు ఊరుకోవు! పండగ ముందురోజు ఇంట్లో సామానంతా తోముతూ నాణేలు చూసింది.

"అయ్యో, ఎంత నల్లబడ్డాయో! మెరిపించి ఇస్తే మావయ్యగారు ఎంత సంతోషిస్తారో" అనుకుంది.

చింతపండు, ఇటుకపొడి వేసి ఒకటి తోమింది. రెండోదీ తోమింది. అసలే అరిగిన బొమ్మలు, ఇంకేం మిగులుతాయి? మూడోది చేతిలోకి తీసుకునేసరికి మామగారు నాణేలు తెమ్మని పిలిచారు.

పేరిశెట్టి మొదటిది తడిమాడు. "ఈవిడ జుట్టేదమ్మా?"

రెండోది తడిమాడు. "డాలు మీద గీతలేవి?"

పక్కనే ఉన్న తోటికోడలు అచ్చమ్మ చెవిలో గుసగుసలాడింది: "పనిమనిషి మార్చేసిందని చెప్పు. ఆయనకేమైనా కనిపిస్తుందా!"

అచ్చమ్మ ఆ మాట పట్టించుకోలేదు. ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది.

"నేనే తోమేశాను మావయ్యగారూ. మెరిస్తే మీకు బాగుంటుందనుకున్నాను."

"మెరుపు నాకెందుకే తల్లీ?" అన్నాడు పేరిశెట్టి. తర్వాత మెల్లగా అడిగాడు. "మూడోది?"

"అది తోమలేదండీ."

"అయితే కళ్లు మూసుకో. తడుము."

మొదట గరుకు తగిలింది. తర్వాత ఈకలు తగిలాయి.

"గద్ద! ఒక కాలితో బాణాలు పట్టుకుంది. రెండో కాలితో..."

"ఆకుల కొమ్మ. యుద్ధానికీ సిద్ధమే, శాంతికీ సిద్ధమే అని ఆ దేశంవాళ్లు చెప్పుకునే మాట అది. నువ్వు అబద్ధమాడి ఉంటే, ఈ గద్దను నీ చేతికి ఇచ్చేవాణ్ణి కాదమ్మా" అన్నాడాయన, ఆమె తల నిమురుతూ. అచ్చమ్మకు ఏడుపు ఆగలేదు.

ఏళ్లు గడిచాయి. అచ్చమ్మ తన మనవలకు కళ్లు మూయించి ఆ నల్లని గద్దను తడిమించేది. నున్నగా మెరిసే ఆ రెండు నాణేలూ పక్కనే పెట్టి, ఆ పని చేసింది తనేనని చెప్పేది.

కాబట్టి పిల్లలూ, మంచి మనసుతో చేసే పనైనా అడిగి చేయాలి. తప్పు జరిగితే దాచకుండా చెప్పాలి.