నూకాలు నీలిచెయ్యి

మహమ్మారి రోజుల్లోనే గ్రామపెద్దను ఎన్నుకోవాల్సి వచ్చింది. ఊరంతా కచేరీకొచ్చి ఒకే కుండలో చెయ్యిపెట్టి, తమకు నచ్చినవాళ్ళ పేరు రాసిన తాటాకు వేయాల్సిందేనన్నాడు దివాను. "కుండ ముట్టుకుంటే రోగమొస్తుందా?" అని నవ్వాడు.

"ముందు మీ కొలువువాళ్ళతో వేయించి చూపించండి దొరా," అంది అద్దకం నూకాలు. దారి చూపిస్తానంటూ మొదటి ఆకు మాత్రం తనే వేసింది. అద్దకంవాళ్ళ చేతులెప్పుడూ నీలమే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. తర్వాత కొలువంతా వేసింది.

కాసేపటికి అందరూ ఒకరినొకరు చూసుకుని నోరెళ్ళబెట్టారు. చేతులు, చెంపలు, తాంబూలం పళ్ళెం, ఆఖరికి కుండనే ముట్టని దివానుగారి మీసాలు కూడా నీలం!

"పచ్చి నీలిమందు పూసుకొచ్చింది నేనొక్కదాన్నే దొరా. దీనికి రంగుంది కాబట్టి కనబడింది," అంది నూకాలు.

మీసం దువ్వబోయిన దివాను చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఎవరి ఆకు వాళ్ళ గడపలోనే వేస్తారు," అన్నాడు మెల్లగా. "ఇంటికో పిడత పంపండి."