డుప్పి మూసిన ఖాళీలు

అనగనగా ఒక అడవిలో, వాగు ఒడ్డు నుంచి కొండకొమ్ము దాకా ఒక పొడవైన తీగ పాకి ఉండేది. ఎగువన నీరు పెరిగితే ఒడ్డున కాపలా ఉండే పీత ఆ తీగను గిల్లేది. చిన్న మెరుపొకటి తీగలో బయలుదేరి, కొండ మీది కొండముచ్చును చేరేది. కొండముచ్చు అరిచేది. వాగు నడుమ లంకలో మేసే జంతువులన్నీ ఆ కేక విని ఒడ్డుకు పరుగెత్తేవి.

మొదట్లో తీగ బోడిగా ఉండేది. మెరుపు జానెడు జానెడుగా పాకేది. కొంత తడిమట్టిలోకి కారిపోయేది. కిందటి వానాకాలంలో కేక ఆలస్యమై, ఒక తల్లి డుప్పి పెద్దబిడ్డ వరదలో కొట్టుకుపోయింది.

ఆ తరువాత తేనెటీగలు తీగకు మైనం చుట్టాయి. అక్కడక్కడ చిన్న ఖాళీ వదిలి, ఖాళీకొక మిణుగురును కూర్చోబెట్టాయి. మైనం కింద మెరుపు కారిపోయేది కాదు. నీరసించేలోపే ఖాళీని చేరేది; అక్కడ మిణుగురు దానికి కొత్త బలమిచ్చేది. అలా ఖాళీ నుంచి ఖాళీకి దూకుతూ రెప్పపాటులో కొండెక్కేది. పిల్లలూ, మీ ఒంట్లోని నరాలకూ ఇలాంటి చుట్టే ఉంది, ఇలాంటి ఖాళీలే ఉన్నాయి. నిప్పు తగిలిన వేలు చటుక్కున వెనక్కు వచ్చేది అందువల్లనే.

అయినా తల్లి డుప్పికి కంటిమీద కునుకు లేదు. మిగిలిన ఒక్క బిడ్డ లంకలో మేస్తున్నంతసేపూ అది తీగ వెంట తిరిగేది.

“ఈ ఖాళీలలోంచి వాన దిగదా?” అని తేనెటీగను అడిగింది.

“అవి మరచిపోయి వదిలినవి కావు వదినా. మెరుపు ఊపిరి తీసుకునేది అక్కడే,” అంది తేనెటీగ.

డుప్పి మనసు కుదుటపడలేదు. ఒక మధ్యాహ్నం, బిడ్డ లంకలో మేస్తుండగా, మబ్బు కమ్మింది. అది చెట్టుబంక తెచ్చి, మిణుగురును నెట్టి, మొదటి ఖాళీని మూసింది. రెండోదాన్నీ మూసింది. మూడోదాని దగ్గర మిణుగురు కదలలేదు.

“నన్ను కూడా బంకలో పెట్టి అతికిస్తావా ఏమిటి, అత్తా?”

“జరుగు! నీ గుడ్డి వెలుగును నమ్ముకుని నా బిడ్డను వదలమంటావా?”

మిణుగురు జరిగింది. మూడో ఖాళీ కూడా మూతపడింది.

అంతలో ఎగువన నీరు పెరిగింది. పీత తీగను గిల్లింది. మెరుపు మొదటి మూత కింద నీరసించింది. రెండోదాని కింద సన్నగిల్లింది. మూడోదాని కింద, డుప్పి కళ్ళముందే, ఆరిపోయింది. కొండ మీద కేక లేదు. పీత మళ్ళీ గిల్లింది. ఆ మెరుపూ అక్కడే ఆరింది.

“అయ్యో, నేనే ఆర్పాను!”

డుప్పి గిట్టలతో మూడో మూతను గీకింది. వెనక్కు పరుగెత్తి రెండోదాన్ని, మొదటిదాన్ని గీకింది. “రండి నాయనా, కూర్చోండి!” అని మిణుగురులను బతిమాలింది. అవి వచ్చి కూర్చున్నాయి. పీత మూడోసారి గిల్లింది. మెరుపు దూకింది, దూకింది, కొండెక్కింది. కొండముచ్చు అరిచింది.

అప్పటికే నీరు లంకను కమ్ముతోంది. బిడ్డ ఈదుతూ ఒడ్డు చేరింది. కాని కొట్టుకొచ్చిన దుంగ తగిలి వెనుక కాలు విరిగింది.

“అమ్మా, కేక ఎందుకంత ఆలస్యమైంది?”

తల్లి ఆ కాలును నాకింది.

“నీకేమవుతుందోనన్న భయంతో నేనే దారి మూశాను, తండ్రీ,” అంది.

నీతి: కాపాడాలన్న ఆత్రంతో ఊపిరాడే చోటును కూడా మూసేస్తే, ఆ కాపుదలే ఆపద అవుతుంది.