గాలి గిట్టని నాగోజీ

ధర్మవరం దాటి కొంత దూరం వెళితే వచ్చే ఒక చిన్న ఊళ్ళో, గాలి అంటే బొత్తిగా గిట్టని నాగోజీ అనే తోలుబొమ్మలాట కళాకారుడు ఉండేవాడు.

గాలి మీద అంత కోపం ఎందుకంటే, అది దీపాన్ని కదిలిస్తుంది. మిగతా బృందాలన్నీ తెర వెనుక కరెంటు బల్బు పెట్టుకున్నా, నాగోజీ మాత్రం ఆముదం దీపమే వెలిగించేవాడు. బల్బు వెలుగులో తోలు తోలులాగే ఉంటుందనీ, దీపం వెలుగులోనే దానికి ప్రాణం వస్తుందనీ అనేవాడు. అందుకే సాధన చేసే గదికి ఉన్న రెండు కిటికీలనూ గోనెపట్టలతో మూసేశాడు. తలుపు సందుల్లో పాత గుడ్డలు కుక్కాడు. బయట ఎండ మండిపోతున్నా ఆ గదిలో ఎప్పుడూ చీకటే. ఆ చీకటిలో ఒక దీపం, దాని ముందు ఎర్రని, పచ్చని నీడలు. తెర మీద ఏనుగులు మెల్లగా నడిచేవి. నెమళ్ళు పురి విప్పేవి. చూసేవాళ్ళు పగలో రాత్రో మరిచిపోయేవారు.

నాగోజీ పక్కనే ఆయన భార్య అంబక్క కూర్చునేది. రాణి బొమ్మకు గొంతు ఆమెదే. ఆమె రాగం తీస్తే నీడ నిజంగా తల తిప్పి చూసినట్టుండేది. పాపం, ఆమెకు కొన్నేళ్ళుగా చక్కెర జబ్బు. వాళ్ళ కూతురు రోజూ ధర్మవరంలో మగ్గం పనికి పోతూ తన బిడ్డ తుల్జను వీళ్ళ దగ్గర వదిలేది. ఆ పాప అమ్మమ్మ పాట వింటూ, రంగు నీడలు చూస్తూ ఆ గదిలోనే ఓ మూల నిద్రపోయేది.

ఆ ఏడాది నాగోజీకి దగ్గు పట్టుకుంది. వారాలు గడిచినా వదల్లేదు. ఒళ్ళు చిక్కింది, సాయంత్రమైతే జ్వరం కాసేది. ఆయన లెక్కచేయలేదు. ఆముదం దీపం దగ్గర బతికేవాడికి గొంతులో మసి చేరక ఏం చేరుతుంది అనేవాడు. తన తండ్రీ దగ్గాడు, తాతా దగ్గాడు, దగ్గని బొమ్మలాటవాడు అసలు ఉన్నాడా అని గొప్పగా అడిగేవాడు. వాళ్ళిద్దరూ చివరికి ఎలా పోయారో మాత్రం ఆయనకు గుర్తుకు వచ్చేది కాదు.

ఊళ్ళో ఆశా కార్యకర్తగా పనిచేసే సరోజ ఒకరోజు ఆ దగ్గు విని లోపలికి వచ్చింది. కఫం పరీక్ష చేయించుకోమని, అది క్షయ కావచ్చని చెప్పింది. నాగోజీ నవ్వి, ఇది దీపం పొగే అన్నాడు.

"పొగకు దగ్గొస్తాదేమో గానీ, జ్వరం రాదు మామా," అంది సరోజ. "అత్తకు చక్కెర జబ్బుండాది. పాప పసిది. ఈ జబ్బు ఇంట్లో ఉంటే ముందు పట్టేది ఇట్లాంటోళ్ళనే."

జాతరలో ఆట ఉంది, అది అయ్యాక చూద్దామన్నాడు నాగోజీ. పోనీ, అంతవరకూ కిటికీలైనా తీయమని ఆమె బతిమాలింది.

"కిటికీ తీస్తే దీపం ఊగుతాది. దీపం ఊగితే నా రాణి చచ్చిపోతాది," అన్నాడాయన. సరోజ వెళ్ళిపోయింది.

జాతర దగ్గర పడుతున్నకొద్దీ సాధన పెరిగింది. ఒక మధ్యాహ్నం అంబక్క పాడుతుండగా, జ్వరంతో ఉన్న నాగోజీకి చేతిలో బొమ్మతోనే కునుకు పట్టింది. కలలో బొమ్మలన్నీ తెర దిగి వచ్చాయి. ఏనుగులు, నెమళ్ళు, భటులు, అందరూ ఆయన చుట్టూ చేరి నోళ్ళు బిగించుకుని కూర్చున్నారు. చివరగా రాణి వచ్చింది. ఆమె ఒంటి మీద రంగులు ఒక్కొక్కటే వెలిసిపోతున్నాయి. మరీ పలచగా గీకేసిన తోలులాగా దీపం వెలుగు ఆమెలోంచి సూటిగా ఇవతలికి వస్తోంది.

"ఏమైంది తల్లీ, పాడవేం?" అని అడిగాడు నాగోజీ.

"ఊపిరి ఆడడంలే," అంది రాణి. అది అంబక్క గొంతు.

ఉలిక్కిపడి లేచాడు. గదిలో పాట ఆగిపోయి ఉంది. అంబక్క గోడకు ఆనుకుని దగ్గుతోంది. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు మీద నెత్తురు ఉంది.

పెద్దాసుపత్రిలో పరీక్షలు చేస్తే ఇద్దరికీ క్షయ అని తేలింది. నాగోజీది పాతది, అంబక్కది ఆయన దగ్గర నుంచి వచ్చింది. చక్కెర ఎక్కువగా ఉండడంతో జబ్బు ఆమెను గబగబా కమ్మేసిందని, బతుకుతుందని కూడా గట్టిగా చెప్పలేమని డాక్టరు అన్నాడు. నాగోజీకి సిగ్గూ భయమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. మంచం పక్కన నిలబడి తల ఎత్తలేకపోయాడు. అంబక్క ఆయన్ను ఒక్క మాట అనలేదు.

"పాపను చూపించినావా?" అని మాత్రం అడిగింది.

తుల్జకు జబ్బు లేదు. కానీ అదే గదిలో అదే గాలి పీల్చింది కాబట్టి, క్రిమి ఆ చిన్న ఒంట్లో నిద్రపోతూ ఉండవచ్చనీ, అది లేవకముందే మాత్రలు వేయాలనీ డాక్టరు చెప్పాడు. కూతురికి అది నచ్చలేదు. "బాగున్న బిడ్డకు మందెందుకు నాయనా?" అంది.

నాగోజీ దీపానికి అడ్డం పెట్టినట్టు అరచెయ్యి చాపి చూపించాడు.

"దీపం ఆరిపోయినాక చెయ్యి అడ్డం పెడతామా?" అన్నాడు. "వెలుగుతాండంగానే పెడతాం కదమ్మా."

ఆ రోజు నుంచి తుల్జకు మాత్ర వేయడం ఆయన పని. మూతికి గుడ్డ కట్టుకుని, నెమలి బొమ్మను చేత పట్టి, దాని ముక్కుతో అందించేవాడు. తన మందులు కూడా దగ్గు పోయినా మానలేదు, గడువు పూర్తయ్యేదాకా మింగాడు. గోనెపట్టలు పీకి పొయ్యిలో పెట్టాడు. ఆ ఏడు జాతరలో ఆయన ఆట లేదు.

అంబక్క బతికింది. ఆసుపత్రి నుంచి వచ్చి, చక్కెరను అదుపులో పెట్టుకుంటూ, చాలా నెలలకు మళ్ళీ దీపం ముందు కూర్చుంది. మునుపటి హెచ్చుస్థాయి మాత్రం ఇక అందలేదు. రాణి ఇప్పుడు తగ్గుస్వరంలో, నింపాదిగా పాడసాగింది. తెరిచిన కిటికీల్లోంచి వేరుశెనగ చేల మీది గాలి లోపలికి వచ్చింది. దీపం ఊగింది. తెర మీద రాణి నీడ మెల్లగా ఉబ్బి, మెల్లగా తగ్గింది. నాగోజీ అలవాటు కొద్దీ చెయ్యి అడ్డం పెట్టబోయాడు.

"తాతా, ఉండు," అంది తుల్జ. "రాణమ్మ ఊపిరి తీసుకుంటాంది."

నాగోజీ చెయ్యి దించేశాడు.

నీతి: వదలని దగ్గుకు సాకులు చెప్పకుండా వెంటనే పరీక్ష చేయించుకోవాలి, ఇంట్లో బలం తక్కువైనవాళ్ళను జబ్బు పడ్డాక కాదు, పడకముందే కాపాడుకోవాలి.