కొండెక్కిన శ్రుతి

సంగీతం చెప్పే నరసింగరావు మాస్టారు తన పాత కారు నడుస్తుండగా రేడియో పెట్టేవారు కాదు. వినదగిన పాట వచ్చే వేళకి బండి పక్కకి తీసి, ఇంజను ఆపి, పాటంతా విన్నాకే కదిలేవారు. వెనక సీట్లోని శిష్యులు గడియారాలు చూసుకుంటూ దాన్ని చాదస్తం కింద జమకట్టేవారు.

వాళ్ళలో పార్థసారథికి తన చెవి మీద మహా నమ్మకం. తోటి శిష్యురాలు సుభాషిణి మొట్టమొదటిసారి రేడియోలో పాడిన సాయంత్రం అతను మాస్టారి పని మీద ఆ కారులోనే, రేడియో పెట్టుకుని, సింహాచలం ఘాట్ రోడ్డు ఎక్కుతున్నాడు. మర్నాడు పాఠానికి వచ్చినవాళ్ళందరి ముందూ, "చరణం దగ్గర శ్రుతి కొండెక్కింది, ఆవిడ కిందే ఉండిపోయింది" అని పకపకా నవ్వించాడు. తంబురా తనంతట తాను శ్రుతి పెంచుకోదని ఆ నవ్వులో ఒక్కరికీ తోచలేదు. మాట సుభాషిణికి చేరింది. ఆమె పాఠానికి రావడం మానేసింది. రేడియో వాళ్ళు మళ్ళీ పిలిస్తే ఇక పాడనని చెప్పేసింది.

మాస్టారు తనని పల్లెత్తు మాట అనకపోవడం పార్థసారథికి మరీ ఇబ్బందైంది. ఒక ఉదయం తానే అడిగాడు.

"విన్నది విన్నట్టు చెప్పడం తప్పా మాస్టారూ?"

మాస్టారు అతన్ని కారులో కూర్చోబెట్టి, ఇంజను వెయ్యకుండానే రేడియో పెట్టారు. ఎవరో పెద్దాయన పాడుతున్నాడు. తంబురా నిలకడగా ఉంది. తరవాత ఇంజను స్టార్ట్ చేశారు. తంబురాలో సన్నటి రొద ఒకటి కలిసింది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ అది పైపైకి పోయింది. పార్థసారథి మొహం మాడిపోయింది. అయినా బింకం పోక, "స్టేషన్ లోపమేమో" అని గొణిగాడు. మాస్టారు రేడియో వెనక్కి చెయ్యి పోనిచ్చి ఏరియల్ తీగ పీకేశారు. పాట పోయింది. రొద మాత్రం అలాగే ఉంది.

కొండ దారిలో తాను శ్రుతి అనుకున్నది, ఇంజనుతో తిరిగి కరెంటు పుట్టించే డైనమో రొద. పార్థసారథి తలెత్తలేకపోయాడు. అంతమందిని నవ్వించిన తన మాట ఇప్పుడు తన చెవికే వినిపించింది.

మాస్టారు అతని చేతే రేడియో ఎర్త్ తీగ విప్పించి తుప్పు గీకించారు. డైనమోకి రొదని అణిచే కండెన్సర్ ఒకటి బిగింపజేశారు. రొద తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఈ బండికి ఇంతేలే అన్నారు మాస్టారు.

"ఇప్పుడే సుభాషిణి ఇంటికి వెళతాను మాస్టారూ. తప్పు నాదేనని అందరి ముందూ ఒప్పుకుంటాను. తను చాలా బాగా పాడిందని చెబుతాను."

మాస్టారు చేతికంటిన మసి తుడుచుకున్నారు.

"వెళ్ళు. బాగా పాడిందని మాత్రం చెప్పకు. నువ్వు వినలేదు."