బీటల చుట్టూ ముగ్గు

సన్యాసిరావు మేష్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, పని చెబుతారు. ఆ అలవాటు తెలిసినవాళ్ళు తమ ప్రశ్నలు తమ దగ్గరే దాచుకుంటారు. తెలియనివాళ్ళు అడిగేసి, ఆ తర్వాత రెండు మూడు రోజులు నడుం పట్టుకుని తిరుగుతారు. గేదెల హైమావతికి ఆ సంగతి తెలుసు. ఆరు నెలలుగా ఆయన దగ్గరే పని నేర్చుకుంటోంది. అయినా ఆ వేసవి చివర ఒక సాయంత్రం ఉండబట్టలేక అడిగేసింది.

పేరుకు మేష్టారేగానీ ఆయన ఏ బళ్ళోనూ పాఠం చెప్పలేదు. మున్సిపాలిటీలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. ఊరు నలభై ఏళ్ళపాటు పారబోసిన చెత్త ఊరిచివర కొండై కూర్చుంటే, దాన్ని మూయించింది ఆయనే. చెత్తంతా సర్దించి, పైన రెండడుగుల మందాన బంకమట్టి వేసి దిమ్మిస కొట్టించి, దాని మీద ఎర్రమట్టి పరిపించి, గడ్డి పెంచారు. లోపల పుట్టే గ్యాసు పోవడానికి గొట్టాలు పెట్టారు. అడుగున ఊరే నల్లనీళ్ళు పట్టడానికి చుట్టూ కాలువ, కాలువ చివర తొట్టి కట్టించారు. ఇదంతా అయి ఆరేళ్ళు. చెత్తకు మూత పడిందిగానీ అది కుళ్ళడం మానలేదు. ఇంకో పాతికేళ్ళు దాన్ని కనిపెట్టుకుని ఉండాలని రూలు. అందుకే మున్సిపాలిటీ వాళ్ళు ఆయన్ను సలహాదారుగా అట్టేపెట్టుకుని, కొత్తగా చేరిన ఇంజనీర్లను ఆయన చేతికి అప్పగిస్తుంటారు.

కొండ ఎక్కేముందు ఆయన గేటు దగ్గర చెప్పులు విప్పేస్తారు. మొదటిరోజు అది చూసి హైమావతి, చెత్తకుప్పకు కూడా ఇంత భక్తేమిటని లోలోపల నవ్వుకుంది. భక్తి కాదని తర్వాత తెలిసింది. ఎక్కడ నేల కుంగిందో, ఎక్కడ వెచ్చబడిందో, ఎక్కడ పైకి గట్టిగా కనబడుతూ లోపల డొల్లగా ఉందో ఆయన అరికాళ్ళు చెబుతాయి. ఆమె కూడా ప్రయత్నించి చూసింది. ఆమె అరికాళ్ళు పల్లేరుకాయలు గుచ్చుకున్న సంగతి తప్ప ఇంకేమీ చెప్పలేదు.

ఆమె అడిగిన ప్రశ్న ఇది. ఆమెతో చదువుకున్న అమ్మాయి ఒకతె ఏటి మీద వంతెన పని పూర్తిచేసి, దాని ముందు నిలబడి ఫొటో తీయించుకుని పంపింది. ఆ ఫొటోను హైమావతి ఆ పూట నాలుగుసార్లు చూసుకుంది. చివరికి కొండ దిగుతూ మేష్టారితో అంది: "వంతెన కట్టినవాళ్ళు వంతెన చూపించుకుంటారు. ట్యాంకు కట్టినవాళ్ళు ట్యాంకు చూపించుకుంటారు. మనం ఏం చూపించుకోవాలి మేష్టారూ? ఆరు నెలలుగా నేను చేసిందల్లా ఏమీ జరక్కుండా చూడటమే."

ఆయన చెప్పులు తొడుక్కుంటూ, "శుక్రవారం తనిఖీ ఉంది కదమ్మా," అన్నారు. "కొండను సిద్ధం చెయ్యి. నేను మా చెల్లెలింటికెళ్ళి శుక్రవారం పొద్దున్నే వచ్చీస్తాను. చూపించుకునేదేదో అప్పుడు చూద్దాం."

ఆరునెలలకోసారి కాలుష్య నియంత్రణ మండలి నుంచి ఆఫీసరు వచ్చి కొండంతా తిరిగి చూసి రిపోర్టు రాసిపోతారు. ఈసారి దగ్గరుండి చూపించే బాధ్యత హైమావతిది. కమిషనరు ఆమెను మొన్ననే పిలిచి, ఆరేళ్ళుగా ప్రతి రిపోర్టులోనూ 'లోపాలు లేవు' అనే ఉందని, ఇప్పుడు కూడా అలాగే ఉండాలని చెప్పాడు. ఆమె ప్రొబేషను ఫైలు ఆయన బల్ల మీదే ఉంది. దాని మీద చెయ్యి ఆనించి మరీ చెప్పాడు. ఇంతకంటే విడమరిచి ఎవరూ చెప్పక్కర్లేదు.

కొండ మీద పనికి నలుగురు ఆడవాళ్ళు వస్తారు. నలుగురిదీ కొండ కింద పారే గెడ్డ ఒడ్డునున్న కాలనీయే. నూటనలభై గడపల కాలనీ అది. వాళ్ళకు పెద్ద పోలమ్మ. యాభై దాటిన మనిషి, పనిలో చురుకు, మాటలో ఇంకా చురుకు. బుధవారం పొద్దున ఈ నలుగురూ హైమావతితో కలిసి పనికి దిగారు. గడ్డి కోశారు. గొట్టాలకు పసుపు రంగు వేసి నంబర్లు రాశారు. కాలువలో పూడిక తీశారు. అంతా సవ్యంగానే సాగింది, దక్షిణపు వాలు దగ్గరకొచ్చేదాకా.

ఆ ఏడాది ఎండలు మండిపోయాయి. మామూలుగా వాలు మీద గడ్డి పట్టుకుని ఉండేది. అది మాడిపోయి కింద మట్టి నోరు తెరిచింది. ఒకటీ అరా కాదు, చూసినంతమేరా బీటలే. కొన్నిట్లో అరచెయ్యి దూరుతోంది. ఒక్కొక్కదాన్ని తవ్వి వెడల్పు చేసి, తడి బంకమట్టి పొరలు పొరలుగా వేసి కొట్టి పూడ్చడం రెండు వారాల పని. ఉన్నవి రెండు రోజులు. ఆమె అక్కడే కూలబడింది.

పోలమ్మకు ఆ పిల్లను చూస్తే జాలేసింది. "మేడమ్‌గోరూ, సుట్టాలొస్తన్నారంటే ఇల్లు బీటలెట్టుకుని కూకుంటామేటి? అలికీదామా?" అంది.

అది తప్పని హైమావతికి తెలియక కాదు. వాన పడటానికి ఇంకా రెండు వారాలకు పైనే ఉందని, తనిఖీ కాగానే అన్నీ తవ్వించి పూడ్పిద్దామని మనసుకు సర్దిచెప్పుకుంది. మనసు కూడా తొందరగానే ఒప్పుకుంది. ఇక ఆ నలుగురూ ఎర్రమట్టి పిసికి, పేడ కలిపి, బీటలన్నీ మెత్తి వాలంతా నున్నగా అలికారు. పెళ్ళివారి అరుగును కూడా అంత శ్రద్ధగా ఎవరూ అలకరు. గురువారం సాయంత్రానికి అది ఆరింది. అప్పుడు పోలమ్మ ముగ్గుపిండి తెచ్చి దారి పొడవునా రెండు వైపులా అంచులు దిద్దింది. రోడ్డు మీది నుంచి చూస్తే చెత్తకొండ అని ఎవరూ అనరు. ఎర్రగా, పొందికగా, పండగ పూట ముస్తాబు చేసిన ఇల్లులా ఉంది. హైమావతి ఆ కొండ ముందు నిలబడి ఫొటో తీయించుకుంది. తన మొదటి వంతెన అదేననిపించి ఛాతీ పొంగింది.

శుక్రవారం ఆరింటికల్లా మేష్టారు వచ్చారు. చెప్పులు విప్పి కొండ ఎక్కారు. వెనకాల హైమావతి, ఆమె వెనకాల పోలమ్మ జట్టు. గొట్టాలు చూశారు, కాలువ చూశారు, "ముగ్గు బాగా దిద్దేవు పోలమ్మా," అన్నారు. పోలమ్మ మురిసిపోయింది. దక్షిణపు వాలు మీద పది అడుగులు వేసి ఆయన ఆగిపోయారు. కుడికాలు ఎత్తి మళ్ళీ అక్కడే ఆనించారు. ఆ తర్వాత ఒక బిందెడు నీళ్ళు తెమ్మన్నారు.

తెచ్చిన నీళ్ళను ఆయన పైనుంచి నెమ్మదిగా ఒంపారు. నీళ్ళు అలికిన నేల మీద కాస్త దూరం జారి, ఒకచోట తచ్చాడి, గుండ్రంగా తిరిగాయి. అక్కడ మట్టి మెత్తబడింది. అంతే, బిందెడు నీళ్ళూ గుటుక్కున లోపలికి పోయాయి.

"ఎటుపోయాయమ్మా?" అని మేష్టారు అడిగారు.

"లోపలికి," అంది హైమావతి. "చెత్తలోకి."

"ఆ పైన?"

జవాబు పోలమ్మే చెప్పింది. "ఆ పైనేటుంది బాబూ. మా బోరు కాడికే."

చెప్పాక పోలమ్మ తన చేతుల వంక చూసుకుంది. గోళ్ళలో ఇంకా ఎర్రమట్టి ఉంది. కొండకు మూత పడకముందు ఆ కాలనీ బోరు కొడితే టీ డికాషను రంగు నీళ్ళొచ్చేవి. తాగే నీళ్ళ కోసం ఆమె పదకొండేళ్ళు పక్క ఊరి దాకా బిందె మోసింది. మూతపడిన రెండేళ్ళకుగానీ నీళ్ళు తేరుకోలేదు. ఆ సంగతి కొండ మీద అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి తనే. చుట్టాలొస్తున్నారనే ధ్యాసలో పడి ఆమె కూడా మరిచిపోయింది.

మేష్టారు ఎవరినీ ఒక్క మాట అనలేదు. "ముగ్గుపిండి మిగిలిందా?" అని అడిగి, మిగిలిన పొట్లం తీసుకుని హైమావతి చేతిలో పెట్టారు. కొండ దిగి, గేటు దగ్గర తన చెప్పుల పక్కన కూర్చుని పేపరు విప్పుకున్నారు.

అప్పటికి ఏడు కావస్తోంది. ఆఫీసరు పదింటికి వస్తాడు. హైమావతి ఆ పొట్లం పట్టుకుని చాలాసేపు నిలబడింది. కమిషనరు చెయ్యి కింద ఉన్న ఫైలు కళ్ళముందు మెదిలింది. నీళ్ళు పోసిన ఆ ఒక్క చోటు మళ్ళీ మెత్తితే చాలు, పది నిమిషాల పని. మేష్టారు కిందికి దిగిపోయింది కూడా అందుకేనేమో, కావాలంటే మెత్తుకోమనేమో అనిపించింది. ఆ మాట తోచగానే ఆమెకు సిగ్గేసింది. వంగి, పార తీసుకుని, నిన్న అలికినదంతా గీకడం మొదలుపెట్టింది. నలుగురు ఆడవాళ్ళూ ఎవరూ చెప్పకుండానే పక్కన చేరారు. గీకి తేల్చిన ప్రతి బీట చుట్టూ పోలమ్మ ముగ్గు గీసింది. హైమావతి సన్నటి ఇనపచువ్వ దింపి లోతు చూసి, పొడవు కొలిచి, పక్కన ముగ్గుతోనే నంబరు వేసింది. పదింటికి లెక్క తేలింది. మొత్తం పంతొమ్మిది.

వచ్చిన ఆఫీసరు పేరు అమానుల్లా. లోపం దొరక్కపోతే ఆయనకు భోజనం సయించదని డిపార్టుమెంటులో చెప్పుకుంటారు. ఆయన వాలు ఎదుట ఆగి కళ్ళజోడు సర్దుకున్నాడు. ఎర్రటి నేల మీద తెల్లటి ముగ్గు గీతలు, మధ్యలో నల్లటి బీటలు.

"ఏమిటమ్మా ఇది?"

"బీటలండీ. పంతొమ్మిది. నిన్న వీటిని అలికి కప్పేశాం, ఇవాళ పొద్దున మళ్ళీ తీశాం," అంది హైమావతి.

ఆయన తన చువ్వ తీసుకుని వాలంతా గంటన్నర తిరిగాడు. ఇరవయ్యో బీట కోసం వెతుకుతున్నాడని అందరికీ తెలుసు. పోలమ్మ ఆయన వెంటే నడిచింది, పందెం కట్టిన మనిషిలా. ఇరవయ్యోది దొరకలేదు. చివరికి ఆయన గొట్టం పక్క దిమ్మె మీద కూర్చుని చెమట తుడుచుకున్నాడు. "ఇరవై రెండేళ్ళ సర్వీసులో బీటలన్నీ నేనే వెతుక్కున్నానమ్మా. పిలిచి చూపించినవాళ్ళు లేరు," అన్నాడు. ఆ మాటకు హైమావతికి కళ్ళు చెమర్చాయి. అలాగని ఆయన వదిలిపెట్టలేదు. లోపాలు పంతొమ్మిది, పదిహేను రోజుల్లో సరిచెయ్యాలి అని రిపోర్టులో రాసి, సంతకం పెట్టి మరీ వెళ్ళాడు.

కమిషనరు మండిపడ్డాడు. ప్రొబేషను ఫైలు మరో ఆరు నెలలు ఆ బల్ల మీదే ఉండిపోయింది. హైమావతి దాని గురించి మేష్టారితో ఒక్క మాట చెప్పలేదు, ఆయన అడగలేదు. పదమూడు రోజులు ఆమె కొండ మీదే ఉంది. ప్రతి బీటనూ అడుగు కంటా తవ్వించి, బంకమట్టి తడిపించి, పొర మీద పొర వేయించి దిమ్మిస కొట్టించింది. కొన్నిటికి తనే కొట్టింది. చేతులు బొబ్బలెక్కాయి. ఒక్కోటి పూర్తయినప్పుడల్లా పోలమ్మ దాని మీద బిందెడు నీళ్ళు ఒంపి, నీళ్ళు మొత్తం కిందికి జారి కాలువలో పడేదాకా నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసేది. పంతొమ్మిదోది ముగిసిన మూడో రోజున మొదటి వాన పడింది.

వానలు పట్టిన నాలుగో వారం మేష్టారు, హైమావతి కొండంతా తిరిగి చూశారు. వాలు మీద కొత్త గడ్డి లేచింది. తొట్టిలో నల్లనీళ్ళ మట్టం వేసవిలో గీసిన గీత దాటలేదు. కాలనీ బోరు నీళ్ళు బాగున్నాయని లాబు నుంచి కాగితం కూడా వచ్చింది. హైమావతి ఇప్పుడు తన చెప్పులు కూడా గేటు దగ్గరే విప్పుతోంది. ఒకచోట ఆగి, "ఇక్కడ కాస్త డొల్లగా ఉంది మేష్టారూ," అంది. ఆయన కాలు ఆనించి చూసి, తల ఊపారు. ఆ తల ఊపును ఆమె వంతెన మీద నిలబడ్డంత గర్వంగా అందుకుంది, దాచుకోనూ లేదు.

దిగి కాలనీ మీదుగా వస్తుంటే పోలమ్మ తన గడపలోంచి పిలిచింది. బోరు కొట్టి, రాగి చెంబు నిండా నీళ్ళు తెచ్చి ముందు మేష్టారికి ఇవ్వబోయింది. ఆయన హైమావతి వైపు చూపించారు. పొద్దున్నుంచీ ఎక్కి దిగిన దాహంతో ఉందేమో, ఆమె చెంబు ఎత్తి గటగటా తాగి, ఖాళీ చెంబు కిందికి దించి మూతి తుడుచుకుంది. నీళ్ళు చల్లగా, తియ్యగా ఉన్నాయి.

మేష్టారు ముందుకు వంగి ఆ ఖాళీ చెంబులోకి తొంగిచూశారు.

"మనం చూపించుకునేదేటని అడిగేవు కదమ్మా," అన్నారు. "చూపిద్దామనే అనుకున్నాను. తాగీసేవు."