దొరబాబు నాలుక, మంగతాయారు చేను

పల్లంపాలెం పొలాల మధ్య గ్యాస్ కోసం లోతైన బావి తవ్వే చోట దొరబాబు అనే హెడ్ డ్రిల్లరు ఉండేవాడు. పనిలో మొనగాడే గానీ, తన నాలుకను మించిన మీటరు లోకంలో లేదని అతని నమ్మకం.

అలాంటి బావిలోకి గొట్టం గుండా చిక్కటి బురద పంపుతూ తవ్వుతారు. ఆ బురద బరువే అడుగునున్న నీళ్లు పైకి తన్నుకు రాకుండా అదిమి ఉంచుతుంది. తిరిగి పైకొచ్చిన బురదను దొరబాబు వేలితో తీసి నాలుకకు రాసుకునేవాడు. ఛీ అనకండి, చప్పరించేవాడు కూడా! బురదకు ఉప్పు తగిలితే కింది ఉప్పునీళ్లు బావిలోకి చేరుతున్నట్టే. "ఉప్పు లేదు, కానివ్వండి!" అనేవాడు. ఇరవై ఏళ్లలో ఒక్కసారీ తప్పలేదట. ఆ మాట చెప్పిందీ అతనే.

ఒకరోజు మధ్యాహ్నం, భూమి పొరల లెక్కలు చూసే హైమవతి కాగితాలు పట్టుకుని పరుగున వచ్చింది.

"ఆపండి దొరబాబుగారూ! లోతుకు పోయేకొద్దీ మట్టి గట్టిపడాలి. ఇక్కడ మెత్తబడుతోంది. అంటే ఉప్పునీళ్లు బయటికి పోయే దారి లేక అందులో ఇరుక్కుపోయాయి. పైనున్న బరువంతా వాటి మీదే పడుతోంది. ఇంకో ముప్పై మీటర్లు దిగితే ఎగజిమ్ముతాయి. ముందు బురద బరువు పెంచుదాం. ఒక్క పూట పని."

"పూటంతా చేతులు కట్టుకు కూర్చోమంటావా అమ్మా? నా నాలుక ఉందిగా!"

"మీ నాలుక పైకొచ్చినదాని సంగతి చెబుతుంది. కింద ఉన్నది ఎలా చెబుతుందండీ?"

గట్టు అవతల మంగతాయారు వరిచేను పొట్ట మీద ఉంది. ఆ ఎకరమే ఆమెకు ఏడాది తిండి. ఈ మాటలు చెవినపడి ఆమె గాభరాగా వచ్చింది.

"బాబూ, ఉప్పునీళ్లు నా చేలో పడితే నేనేం తిని బతకాలి?"

"నేనుండగా నీకెందుకు భయం పిన్నీ!" అంటూ దొరబాబు వేలు ముంచి నాలుకకు రాసుకున్నాడు. కళ్లు మూసి చప్పరించాడు. "చప్పగా ఉంది. కానివ్వండి!"

నిజానికి బురదలో ఉప్పు అప్పటికే కలుస్తోంది. కానీ మహానుభావుడు అంతకుముందే క్యారేజీ విప్పి, ఎండుచేపల కూర, మాగాయ టెంకతో సహా లాగించాడు! ఆ నోటికి సముద్రమైనా మంచినీళ్లే.

పావుగంటకు గొట్టం జర్రున దిగసాగింది.

"చూశారా, ఎంత జోరుగా దిగుతోందో!" అని దొరబాబు చంకలు గుద్దుకున్నాడు.

"అదే ప్రమాదం! బురద తిరిగొచ్చి పడే తొట్టి పొంగుతోంది, అంటే కింది నీళ్లు తోసుకొస్తున్నాయి. బావి మూతి మూయండి!" అని హైమవతి అరిచింది.

అతను మీట లాగేలోపే బుస్సుమని ఉప్పునీళ్లు లేచాయి. నెత్తి నుంచి కాళ్ల దాకా తడిసిన దొరబాబు పెదాలు తడుముకుని, "అమ్మో, ఉప్పు!" అన్నాడు.

"మాకూ తెలిసిందండీ!" అంది హైమవతి ఇసుక మూట ఎత్తుతూ.

చివరికి బావి మూతి మూసుకుంది. కానీ కొన్ని నీళ్లు గట్టు దాటేశాయి. అందరూ మూటలు వేసి అడ్డుకున్నారు. చేను దక్కింది గానీ, గట్టు పక్క రెండు మడులు వారం తిరక్కుండా మాడిపోయాయి. మంగతాయారు ఎండిన దుబ్బొకటి పీకి తెచ్చి దొరబాబు చేతిలో పెట్టింది.

"నీ నాలుక గొప్పదే బాబూ. కానీ నువ్వు పందెం కాసింది నా కంచాన్ని."

దొరబాబుకు ఏడుపొచ్చింది. పంట కోతలయ్యాక ఆ రెండు మడులకు సరిపడా ధాన్యం తన సొంత చేలోంచి తెచ్చి ఆమె ఇంట్లో పోశాడు. ఆ తరువాత హైమవతి కాగితం చూడకుండా గొట్టం ఒక్క మీటరు కూడా దింపలేదు.

నీతి: ఎంత అనుభవం ఉన్నా, తెలిసినవారు ముందుగా చేసిన హెచ్చరికను గర్వంతో కొట్టిపారేయకూడదు, ఆ గర్వం మనదే అయినా నష్టం పక్కవారిది కావచ్చు.